శ్రీనాథ్‌కు రావాల్సిన పేరు వచ్చిందా?

మారతహళ్లి కడపోడు:
ఆదివారం మ్యాచ్ అయ్యాక టీ కొట్టు దగ్గర మొదలైన వాదన ఇంకా తేలలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను. మా టీమ్‌లో కుర్రాళ్లంతా బుమ్రాను చూసి పెరిగినవాళ్లు. మన పాత ఫాస్ట్ బౌలర్ జవగల్ శ్రీనాథ్ పేరెత్తితే "మంచి బౌలరే, అంతకు మించి ఏముంది" అంటారు. 67 టెస్టులు, 236 వికెట్లు, సగటు (వికెట్‌కు ఇచ్చిన పరుగులు, తక్కువుంటే మేలు) 30 పైన, చివర్లో 2003 ప్రపంచకప్ ఫైనల్. వాళ్లకు తెలిసింది ఇంతే. నేను ఒప్పుకోను. మంచి వేగం ఉన్న వయసులో ఆయన్ను పక్కన కూర్చోబెట్టి, తర్వాత భుజం దెబ్బతినేదాకా వేయించారు. బెంగళూరులో ఉంటూ మనమే ఆయన్ను తక్కువ చేస్తే ఎలా?

కొత్త బంతి:
అన్నా, అభిమానం వేరు, లెక్క వేరు. ఆయన తర్వాత వచ్చిన పేసర్ జహీర్ ఖాన్‌కు టెస్టుల్లో 311 వికెట్లున్నాయి. 2011 ప్రపంచకప్‌లో 21 వికెట్లు తీశాడు, కప్పు కొట్టాం. శ్రీనాథ్ 2003 ఫైనల్లో 10 ఓవర్లకు 87 ఇచ్చాడు, ఒక్క వికెట్టూ లేదు. పెద్ద మ్యాచ్‌లో నిలబడనివాణ్ని గొప్పవాడని ఎలా అంటాం?

కబ్బన్ పార్క్ ఎండ్:
నిలబడలేదా? 1996 టైటాన్ కప్ వన్డే ఒకటి మన చిన్నస్వామిలోనే జరిగింది కదా. ఆస్ట్రేలియా మీద 216 కొట్టాలి, 164కి 8 పడ్డాయి, సచిన్ కూడా వెళ్లిపోయాడు. మిగిలిన 52 పరుగులూ శ్రీనాథ్, కుంబ్లే కొట్టి గెలిపించారు. అదీ బ్యాటుతో! ఇక 2003 అంటారా, ఆ టోర్నీలో ఆయనవి 16 వికెట్లు. శ్రీలంకను 109కి చుట్టేసిన రోజు 4/35, అంటే 35 పరుగులకు 4 వికెట్లు. అప్పటికి వయసు 33. ఫైనల్ రోజు ఆస్ట్రేలియా పాంటింగ్ మన బౌలర్లలో ఎవరిని వదిలాడు చెప్పండి?

మారతహళ్లి కడపోడు:
లెక్కలే కావాలంటే లెక్కలే చూద్దాం తమ్ముడూ. జహీర్ ఆ 311కి 92 టెస్టులు ఆడాడు. టెస్టుకు ఎన్ని వికెట్లని చూస్తే జహీర్‌కు 3.38, శ్రీనాథ్‌కు 3.52. సగటులోనూ శ్రీనాథే ముందు.

అసలు సంగతి వేరే ఉంది. ఆయన మొదటి టెస్టు 1991లో, బ్రిస్బేన్‌లో. మరి సొంతగడ్డ మీద మొదటి టెస్టు? 1994 నవంబరు, ముంబై, వెస్టిండీస్ మీద. ఈ మధ్యలో ఇంగ్లండ్, జింబాబ్వే, శ్రీలంక వచ్చి వెళ్లాయి. ముగ్గురు స్పిన్నర్లు ఉండేవారు, కొత్త బంతి కపిల్‌కు, ప్రభాకర్‌కు. కపిల్ అప్పుడు న్యూజిలాండ్ బౌలర్ హ్యాడ్లీ 431 టెస్టు వికెట్ల రికార్డు వెంట ఉన్నారు. కపిల్‌ను నేను ఒక్క మాట అనను, మనకు పేస్ నేర్పిందే ఆయన. కానీ శ్రీనాథ్‌కు 22 నుంచి 25 వరకు పోయిన ఆ ఏళ్లు ఎవరిస్తారు? సరిగ్గా ఊపందుకున్నాక 1997లో భుజం పోయింది, వెస్టిండీస్ టూర్‌కే వెళ్లలేదు. బార్బడోస్‌లో మనం 120 కొట్టలేక 81కి ఆలౌటైన టూర్ అది.

ఇక కోల్‌కతా టెస్టు, 1999 ఫిబ్రవరి. మొదటి రోజు పొద్దున్నే పాకిస్తాన్ 26కి 6. రెండో ఇన్నింగ్స్‌లో ఒక పక్క సయీద్ అన్వర్ 188 కొట్టి నాటౌట్‌గా పాతుకుపోయాడు, ఇంకో పక్క శ్రీనాథ్ ఒక్కొక్కరినీ పంపుతూనే ఉన్నాడు. 8/86. మ్యాచ్ మొత్తానికి 13 వికెట్లు. 46 పరుగులతో ఓడిపోయాం. ఇప్పుడు ఎవర్నడిగినా షోయబ్ అక్తర్ వరుస బంతుల్లో ద్రావిడ్‌నూ సచిన్‌నూ బౌల్డ్ చేసింది చెబుతారు, సచిన్ రనౌట్ గొడవ చెబుతారు. ఆ 13 వికెట్లు ఒక్కరూ చెప్పరు. నా బాధంతా ఇదే.

ఇందిరానగర్ పెద్దాయన:
మాది హైదరాబాద్. శ్రీనాథ్ రంజీల్లోకి వచ్చిందే మా జట్టు మీద, మొదటి ఇన్నింగ్స్‌లోనే హ్యాట్రిక్ తీశాడు. కాబట్టి ఆ వేగం సంగతి మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ బాబూ, తప్పంతా సెలెక్టర్ల మీదకు తోయకండి. మొదట్లో లెంగ్త్ (బంతి నేలకు తగిలే చోటు) షార్ట్‌గా ఉండేది. బంతి లోపలికే వచ్చేది, బయటికి వెళ్లేది చేతికి రావడానికి చాలా టైం పట్టింది. మంచి బ్యాట్స్‌మన్ వదిలేసేవాడు.

మారతహళ్లి కడపోడు:
పెద్దాయనా, లెంగ్త్ నెట్స్‌లో రాదు కదండీ, మ్యాచ్‌లు వేస్తేనే కుదురుతుంది. మన పిచ్‌ల మీద పేసర్‌తో పనేముంది అన్నవాళ్లకు 1996 అహ్మదాబాద్ చూపించండి. దక్షిణాఫ్రికాకు 170 కావాలి, 105కి ఆలౌట్. అది స్పిన్నర్ల పిచ్చే, కానీ శ్రీనాథ్ 6/21. ఆ పని 1993లోనూ చేసేవాడు, బంతి ఇచ్చి ఉంటే.

కొత్త బంతి:
వన్డేల్లో 315 వికెట్లు, మన పేసర్లలో ఇప్పటికీ ఆయన్ను దాటినవాడు లేడు. అక్కడ నాకు పేచీ లేదు. టెస్టుల్లో మాత్రం పాత బంతిని రివర్స్ స్వింగ్ చేయడంలో జహీర్‌దే పైచేయి, ఆ మాట మీదే ఉంటాను. ఆదివారం మళ్లీ కలుద్దాం అన్నా, ఎవరైనా శ్రీనాథ్ విదేశీ టెస్టుల స్కోర్‌కార్డులు పట్టుకు రండి.