ఎండబెట్టాలా, ఆరబెట్టాలా?

ప్రశ్న:
చెక్కపని కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం చిన్న పుస్తకం రాస్తున్నాను. "కొట్టిన మానును ముందు ఎండబెట్టాలి" అని రాశాను. అది చదివిన స్నేహితుడొకరు దుంగను నిజంగానే మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టారు. వారం తిరిగేసరికి రెండు కొసలూ నెర్రెలిచ్చాయి. తప్పు ఆయనదా, నా మాటదా? "ఆరబెట్టాలి" అనాల్సిందా?

జవాబు:
ఆయన్ని ఏమీ అనలేం. ఎండబెట్టులో ఉన్నది సూర్యుడి ఎండ కాదు, "ఎండు" అనే క్రియ. నిలబెట్టు, ఆరబెట్టు ఎలాంటివో ఇదీ అలాంటిదే. కానీ చెవికి "ఎండలో పెట్టు" అనే వినిపిస్తుంది. నీడలో ఎండబెట్టమంటే సగం మంది నవ్వుతారు. ఆరబెట్టుకు ఆ చిక్కు లేదు, నా ఓటు దానికే.

మరో జవాబు:
నాకు కర్రపని అలవాటు కాబట్టి పని సంగతి చెబుతాను. కొసల నుంచి నీరు పక్కల కంటే ఎన్నో రెట్లు వేగంగా పోతుంది. అందుకే కొట్టిన రోజే కొసలకు మైనమో, మందంగా పెయింటో పూయాలి. దుంగను గుండ్రంగా అలాగే ఉంచేస్తే నీడలో కూడా పగలడం దాదాపు ఖాయం. వలయాల వెంబడి కర్ర ముడుచుకోవడం, నడిమి దవ్వ నుంచి బెరడు వైపు ముడుచుకునేదానికి సుమారు రెట్టింపు. ఆ తేడాను గుండ్రటి దుంగ తట్టుకోలేదు, ఎక్కడో ఒకచోట నోరు తెరుస్తుంది. దవ్వ మీదుగా రెండుగా చీల్చి, పలకలుగా కోసి, మధ్యమధ్య సన్నటి పుల్లలు పెట్టి, గాలి ఆడే నీడలో పేర్చాలి. అంగుళం మందానికి ఏడాది అనేది మోటు లెక్క.

"మొక్కై వంగనిది మానై వంగునా" అంటారు గానీ, పచ్చిమీద కోసి వాడిన పలకను ఓసారి చూడండి. మానైనా భేషుగ్గా వంగుతుంది!

మరో జవాబు:
ఆరబెట్టుకు ఓటేసినవారితో నాకు పేచీ ఉంది. మనం ఈ రెండు మాటల్నీ ఒకలా వాడం. బట్టలు ఆరతాయి, జుట్టు ఆరుతుంది, పెయింటు ఆరుతుంది. చెరువు, ఆకు, చెట్టు మాత్రం ఎండుతాయి. నడివేసవి ఎండలో వేసినా సరే, బట్టలు "ఎండాయి" అని మా ఇంట్లో ఎవరూ అనరు. పైన అంటిన తడి పోతే ఆరడం, లోపలి సారం పోతే ఎండడం. అందుకే ఎండడంలో ముడుచుకోవడం కూడా కలిసే ఉంటుంది. చిక్కిపోయిన మనిషిని "ఎండిపోయాడు" అంటాం, "ఆరిపోయాడు" అంటామా? అది దీపానికి చెప్పే మాట. ఈ లెక్కన మానుకు ఎండడమే సరైనది.

కర్రపనివారి జవాబు:
ఇది చదివి కాసేపు ఆగిపోయాను. ఎందుకంటే కర్రలో రెండూ జరుగుతాయి, అదీ వరుసగా. నీరు కొంత కణాల బోలులో ఊరికే నిలిచి ఉంటుంది, కొంత కణాల గోడల్లో పట్టుకుని ఉంటుంది. ముందు బోలులోది పోతుంది. అప్పుడు బరువు తగ్గుతుంది తప్ప కర్ర ముడుచుకోదు. పూర్తిగా ఎండిన కర్ర బరువుతో పోలిస్తే తేమ సుమారు 30 శాతానికి దిగాక గోడల్లోని నీరు కదులుతుంది, ముడుచుకోవడం అక్కడే మొదలు. అంటే 30 దాకా ఆరడం, ఆ తర్వాత ఎండడం! ఇంట్లో వాడే బల్లలకు, కుర్చీలకు 8 నుంచి 12 శాతం దాకా దిగాలి. అది ఆరడంతో అయ్యే పని కాదు.

ప్రశ్న అడిగినవారు:
అయితే క్రియ మార్చను, "బెట్టు" తీసేస్తాను. "కొసలకు మైనం పూసి, పలకలుగా కోసి, నీడన ఎండనివ్వండి." ఇక ఎండలో పెట్టమన్నట్టు వినిపించదు కదా?

జవాబు:
బాగుంది. "ఎండనివ్వండి"లో తొందర కూడా లేదు. మరి ఆ పలకల మధ్య పెట్టే పుల్లల్ని ఏమని రాస్తున్నారు?

ప్రశ్న అడిగినవారు:
ప్రస్తుతానికి "సందుపుల్లలు". మీ దగ్గర ఇంతకంటే మంచి మాట ఉంటే ఇవ్వండి, అచ్చుకు ఇంకా టైముంది.