హిస్టరీలో ఎంఏ, అదీ ఆఫ్రికన్ డయాస్పోరా: పొలం అమ్మి పంపొచ్చా?

గోదారిగట్టు: మా చెల్లికి అమెరికాలో ఎంఏ హిస్టరీ సీటొచ్చింది. ఆఫ్రికా నుంచి బానిసలుగా, సిపాయిలుగా పరాయి నేలలకు చేరినవాళ్ల చరిత్ర చదువుతుందట. ఫండింగ్ లేదు. ఎకరం అమ్మాలి. ఏమంటారు?

లెక్కలమాస్టారు: వద్దు. పీహెచ్‌డీకైతే చాలాచోట్ల ఫీజు మాఫీ చేసి స్టైపెండిస్తారు. ఎంఏకి మన జేబే. పైగా హిస్టరీ స్టెమ్ (సైన్సు, ఇంజినీరింగ్ లాంటి) కోర్సు కాదు, ఓపీటీ, అంటే చదువు మీద అక్కడ పనిచేసే అనుమతి, 12 నెలలే.

ఏసీగార్డ్స్ తమ్ముడు: దీనికి అమెరికా దాకా ఎందుకన్నా? మా బస్తీ పేరులో ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ, నిజాం గుర్రపు దళం. పెళ్లిళ్లలో మర్ఫా కొట్టే మా పక్కింటాయన తాత అందులోనే చేశాడు.

లెక్కలమాస్టారు: కొలువుకొచ్చిన సిపాయిలు డయాస్పోరా ఎలా అవుతారు?

ఏసీగార్డ్స్ తమ్ముడు: మాలిక్ అంబర్ ఇథియోపియాలో పుట్టి, బానిసగా చేతులు మారి, దక్కనొచ్చి అహ్మద్‌నగర్‌ను ఏలినంత పని చేశాడు. 1626లో పోయాడు. ఆయన్నీ కొలువు లెక్కలోనే రాస్తారా?

కందిపప్పు: ఫాలోయింగ్.

అట్లాంటా అక్క: ఈ కోర్సు చేసినదాన్ని. ముందు భాష సంగతి చూసుకోమనండి. బ్రెజిల్ మీద పనైతే పోర్చుగీసు, అంబర్ మీదైతే ఫార్సీ. ఇంగ్లిష్ ఒక్కటే వచ్చి నేను మొదటి ఏడాది నానా తంటాలు పడ్డా. అయినా అమెరికా 1850 సెన్సస్ బానిసల పట్టీ ఒక్కటి చూశాక వదల్లేకపోయా. యజమాని పేరుంటుంది. దాని కింద వయసు, ఆడో మగో, రంగు. బానిసల పేర్లు రాయలేదు.

లెక్కలమాస్టారు: కన్నీళ్లు సరే, ఉద్యోగమేదమ్మా? నేనూ ఎంఏ హిస్టరీనే. ఓ ప్రైవేటు కాలేజీలో పదకొండేళ్లు సివిక్స్ చెప్పా. వేసవిలో జీతం ఎగ్గొట్టేవాళ్లు.

ఏసీగార్డ్స్ తమ్ముడు: ఆ బాకీ ఈ పిల్ల దగ్గర వసూలు చేస్తారా మాస్టారూ?

లెక్కలమాస్టారు: నోరు జాగ్రత్త! మన చరిత్రకే దిక్కు లేదు. వాళ్ల చరిత్ర కోసం పొలం అమ్మాలా?

ఏసీగార్డ్స్ తమ్ముడు: వాళ్లెవరు? మా పక్కింటాయన పుట్టింది నీలోఫర్ ఆస్పత్రిలో.

గోదారిగట్టు: కొట్టుకోకండి. ఒక్క మాట దాచాను. ఆ ఎకరం చెల్లి పెళ్లికని నాన్న ఉంచింది.

లెక్కలమాస్టారు: ఈ ముక్క మొదటే చెప్పొద్దూ! పెళ్లి పొలం ముట్టుకోకండి.

అట్లాంటా అక్క: అంటే పొలం ఆ అమ్మాయిదేగా? మరి అమ్మాలా వద్దా అని మనల్నెందుకు అడుగుతున్నావు తమ్ముడూ?