కబడ్డీ కోర్టు మట్టి నిలవట్లేదు, పాళ్లు తెలిసినవాళ్లు చెప్పండి

మాది హనుమకొండ పక్క పల్లె. వచ్చే నెల సిటీలో జరిగే పోటీలకు వచ్చే రెండు అమ్మాయిల కబడ్డీ జట్లు మా ఊరి బడిలో ఉంటాయి. వంట, పడకల సంగతి మహిళా సంఘం వాళ్లు చూసుకుంటున్నారు, ఆ టెన్షన్ లేదు. ఇబ్బందంతా ప్రాక్టీసు కోర్టుతోనే. అసలు పోటీలు మ్యాట్ మీదే, కానీ మ్యాట్ కిరాయి మా వల్ల కాదు.

స్థలం నల్లరేగడి. కొలత 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. మొదట నాలుగు అంగుళాలు తవ్వి, నాలుగు ట్రాక్టర్ల మొరం పోసి, తడిపి రోలర్ తిప్పాం. మూడో రోజుకే వేలు పట్టేంత పగుళ్లు. పైగా మా పిల్లలు ఆడి చూస్తే గులకరాళ్లకు మోకాళ్లు గీరుకుపోయాయి. అదంతా ఎత్తేసి, జల్లించిన ఎర్రమట్టి, ఇసుక సగం సగం పోశాం. పగుళ్లు పోయాయి గానీ, రైడర్ గిర్రున తిరిగితే కాలు జారుతోంది. పొద్దున ఆరింటికి తడిపితే పదకొండుకల్లా మళ్లీ దుమ్మే.

రంపపు పొట్టు, బాగా మాగిన పేడ ఎరువు కలపమని బడి పీఈటీ సార్ అన్నారు. ఎంత కలపాలో ఆయనకూ తెలియదు. ఇంకా 20 రోజులే ఉంది.

రేగడి నేల మీద మట్టి కోర్టు వేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి: ఎర్రమట్టి, ఇసుక, పొట్టు, ఎరువు ఏ పాళ్లలో కలిపి, ఎన్ని అంగుళాల మందం పోయాలి?