కారవాన్ ప్లగ్ పెట్టగానే ఆర్‌సీసీబీ ట్రిప్: ఇన్వర్టరే కారణమా?
టెంపో ట్రావెలర్‌ని కారవాన్‌గా మార్పించాం. కళింగపట్నం బీచ్ దగ్గర బస చేసినచోట 16 ఆంప్స్ సాకెట్‌లో ప్లగ్ పెట్టి స్విచ్ వేయగానే వాళ్ల 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంట్ ఎర్త్‌లోకి లీకైతే సరఫరా ఆపేసే బ్రేకర్) టక్‌మని పడిపోతోంది. విజయనగరంలో మా ఇంట్లో ఏ ఇబ్బందీ లేదు, కాకపోతే అది పాత ఇల్లు, ఆర్‌సీసీబీయే లేదు.

బండికి తగిలించకుండా ఎక్స్‌టెన్షన్ కేబుల్ ఒక్కటే పెడితే పడట్లేదు. బండిలో ఎంసీబీలన్నీ ఆపినా పడుతోంది. అవి సింగిల్ పోల్‌వి, న్యూట్రల్‌ని తెంపవు కదా! ప్లగ్ పీకేసి మల్టీమీటర్ పెడితే న్యూట్రల్, ఎర్త్ పిన్నుల మధ్య బీప్ వస్తోంది, అంటే రెండూ బండిలో ఎక్కడో కలిసినట్టే. గీజర్, ఏసీ వైర్లు ఊడదీసినా అదే బీప్. మిగిలింది ఛార్జర్ ఉన్న ఇన్వర్టరే, దాని వైర్లు మంచం వెనక బిగించేశారు.

ప్యానెల్ విప్పే ముందు ఒక్కటి చెప్పండి: ఆగి ఉన్న ఇన్వర్టర్ లోపల న్యూట్రల్, ఎర్త్ కలిసి ఉండటం మామూలేనా, లేక అది పాడైనట్టా?