మళ్లీ లాక్‌డౌన్ వస్తే మన సమ్మతి ఎవరు తీసుకోవాలి?

గట్టుమీద_కాకి: ఇంకో మహమ్మారి వచ్చిందనుకోండి. ఆంక్షలకు పార్లమెంటు ఓటు సరిపోతుందా, జనాన్నే అడగాలా? ఎన్నాళ్లకోసారి పొడిగించాలి? 2020లో మీకేమనిపించిందో కూడా రాయండి.

రాత్రి_డ్యూటీ: కోవిడ్ వార్డులో పనిచేసినదాన్ని. ఆక్సిజన్ కోసం వరండాలో మనుషులు పడిగాపులు కాస్తుంటే ఓటింగ్ పెట్టమంటారా? ఆశ్చర్యంగా ఉంది.

మూడో_బెంచి: మా తాతయ్య పోతే ఇరవై మందికి మించి రాకూడదన్నారు. సరే అన్నాం. ఆ తర్వాత ఎన్నికల సభలకు వేలమందిని పోగేశారు. నాకు మండింది రూల్ మీద కాదు, అది మాకే వర్తించినందుకు.

నల్లకోటు: లా చదివినవాణ్ణి కాబట్టి చెబుతున్నా, సమ్మతి వేరు, చట్టబద్ధత వేరు. న్యూజిలాండ్‌లో 2020 మార్చి 26 నుంచి ఏప్రిల్ 3 వరకు ఇంట్లోనే ఉండమన్నదానికి చట్టం ఆధారం లేదని వాళ్ల హైకోర్టు ఆగస్టులో తేల్చింది. అవసరమైన పనేగానీ చట్టప్రకారం చేయలేదంది. అక్టోబరులో జనం అదే ప్రభుత్వాన్ని 120కి 65 సీట్లిచ్చి గెలిపించారు.

ఎదురుగాలి: గెలిస్తే తప్పు ఒప్పయిపోతుందా? స్విట్జర్లాండ్‌ని చూసి నేర్చుకోవాలి. కోవిడ్ చట్టం మీద 2021లో రెండుసార్లు, 2023లో ఒకసారి జనమే ఓటేశారు. మూడుసార్లూ 60 శాతం పైనే అవునన్నారు.

మూడో_బెంచి: అమల్లోకి వచ్చాక ఓటా! పెళ్లయ్యాక పిల్లనడిగినట్టుంది.

ఎదురుగాలి: వద్దంటే చట్టం పోయేది కదా బాబూ. 50 వేల సంతకాలతో రెఫరెండం, అంటే చట్టం మీద జనం ఓటు, తెప్పించే హక్కు మనకుందా?

నల్లకోటు: ఇద్దరూ సగం సగం చదివి కొట్టుకుంటున్నారు. ఆ కోవిడ్ చట్టంలో ఎక్కువ భాగం ఆర్థిక సాయం, ఆ తర్వాత టీకా వేసుకున్నట్టో, వైరస్ లేనట్టో చూపే సర్టిఫికెట్ల గొడవ. దుకాణాలు మూయించింది వేరే అంటువ్యాధుల చట్టం. దాన్ని 2013 సెప్టెంబరులోనే రెఫరెండంలో 60 శాతం ఆమోదించారు. అంటే రోగం రాకముందే అడిగారు.

ఎదురుగాలి: అయితే నేనన్నదే కదా!

నల్లకోటు: మీరన్నది ఇది కాదు. పైకెళ్లి చదువుకోండి.

మూడో_బెంచి: 2013లో ఓటేసినవాడికి అది తన షాపుకే తాళం వేయిస్తుందని తెలుసా? తెలియనిదానికి సమ్మతేంటి సార్?

జరిమానా_కట్టినోడు: స్పెయిన్‌లో రాజ్యాంగ న్యాయస్థానం 2021 జూలైలో మొదటి లాక్‌డౌన్ రాజ్యాంగవిరుద్ధమని 6-5తో చెప్పాక జరిమానాలు వెనక్కిచ్చారట. మనకీ ఛాన్సుందా? రసీదు దాచుకున్నా.

నల్లకోటు: అక్కడ ఎమర్జెన్సీలో తప్పు రకం ప్రకటించారన్నది వాదన. మనదగ్గర ఎమర్జెన్సీయే ప్రకటించలేదు, 2005 విపత్తు నిర్వహణ చట్టంతో నడిపారు. రసీదు ఫ్రేము కట్టించుకోండి.

గట్టుమీద_కాకి: పొడిగింపు సంగతి ఎవరూ ముట్టుకోలేదు. హంగరీలో 2020 మార్చి 30న ప్రభుత్వానికి గడువే లేని అధికారాలిచ్చారు. జూన్‌లో తీసేశారనుకోండి, అయినా భయం వేయదా?

రాత్రి_డ్యూటీ: బ్రిటన్ కరోనా చట్టానికి ఆరు నెలలకోసారి ఓటు పెట్టారు. ఉంచాలా, తీసేయాలా అంతే, సవరణకి చోటు లేదు. నాకైతే నెలకోసారి కావాలి, ఆ రోజు బెడ్ల లెక్క సభలో చదివి మరీ.

మూడో_బెంచి: సభ ఉంటే కదా మేడమ్! మన పార్లమెంటు 2020 మార్చి 23న వాయిదా పడి మళ్లీ కూర్చుంది సెప్టెంబరు 14న. అదీ ప్రశ్నోత్తరాల సమయం లేకుండా.

ఎదురుగాలి: అందుకే రెఫరెండం అంటున్నా.

నల్లకోటు: మళ్లీ మొదలెట్టాడు.