రెండు వారాల పోర్చుగీసు కోర్సు వల్ల ప్రయోజనం ఉంటుందా?

ప్రశ్న: ఉద్యోగరీత్యా మూడు నెలల్లో లిస్బన్ వెళ్ళవలసి ఉంది. రోజుకు ఐదు గంటల చొప్పున పది రోజులు సాగే కోర్సులో చేరాలా, లేక వారానికి రెండు తరగతులతో నెమ్మదిగా నేర్చుకోవాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. నాకు ఆ భాష బొత్తిగా రాదు.

జవాబు 1: మీరు చెప్పిన కోర్సు మొత్తం 50 గంటలు. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులను పోర్చుగీసులో వృత్తిపరంగా నెగ్గుకొచ్చే స్థాయికి తేవడానికి సుమారు 600 తరగతి గంటలు అవసరమని అంచనా వేస్తుంది. నేను ఇటువంటి కోర్సు ముగించిన నెలకే భూతకాల క్రియారూపాల్లో సగం మరచిపోయాను. తప్పు కోర్సుది కాదు, ఆ తరువాత పుస్తకం తెరవని నాది.

జవాబు 2: గంటల లెక్క సరైనదే కాని, ఉచ్చారణ విషయంలో మొదటి పది రోజుల ఒత్తిడి ఎంతో మేలు చేస్తుంది. రొట్టెను సూచించే 'పాఁవ్'కూ, కర్ర అనే అర్థమిచ్చే 'పావ్'కూ తేడా కేవలం ముక్కుతో పలకడంలోనే ఉంది. మనం రాతలో వదిలేసిన అరసున్న అక్కడ నిక్షేపంగా బతికే ఉందన్నమాట! ఎదుట కూర్చున్న ఉపాధ్యాయుడు పదేపదే సరిదిద్దితే తప్ప అది పట్టుబడదు.

జవాబు 3: చేరే ముందు బోధించేది ఏ దేశపు ఉచ్చారణో అడగండి. బ్రెజిల్ వారు అచ్చులను విడమరచి పలుకుతారు, లిస్బన్ వారు ఊనిక లేని అచ్చులను దాదాపు మింగేస్తారు. బ్రెజిల్ పద్ధతిలో నేర్చుకున్న నాకు లిస్బన్‌లో మొదటి వారం రైల్వే ప్రకటనలు కూడా అర్థం కాలేదు.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలు. అయితే ప్రయాణానికి సరిగ్గా ముందు కాకుండా ఇప్పుడే ఆ కోర్సు పూర్తిచేసి, మిగిలిన రెండున్నర నెలలు వారపు తరగతులు కొనసాగిస్తాను.