డౌన్ క్విల్ట్ ఇంట్లో ఉతకొచ్చా? డ్రయ్యర్ లేని హైదరాబాద్ ఇళ్లవాళ్లు ఏం చేయాలి?

నల్లకుంట నడక (ఫిబ్రవరి 21, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. నా దగ్గర మూడేళ్లుగా ఒక డౌన్ క్విల్ట్ ఉంది, అంటే ట్రెక్కుల్లో కప్పుకునే, బాతు నూగు నింపిన రజాయి. 850 ఫిల్ (నూగు ఎంత పొంగుతుందో చెప్పే అంకె), పైబట్ట 10 డెనియర్ (దారం ఎంత సన్నమో చెప్పే అంకె) నైలాన్, మొత్తం బరువు 640 గ్రాములు. డిసెంబరులో కేదార్‌కంఠ ట్రెక్‌కి వెళ్లొచ్చాక సంచిలోంచి తీసి మంచం మీద పరిచాను. ఒకప్పుడు పూరీల్లా పొంగే, నూగు నింపి కుట్టిన గదులు అప్పడాల్లా పడి ఉన్నాయి. మెడ దగ్గర అంచు నల్లబడి, జిడ్డుగా చేతికి అంటుకుంటోంది. వేళ్లతో నొక్కి చూస్తే లోపలి నూగు చిన్న చిన్న ఉండలు కట్టినట్టు తెలుస్తోంది.

ఇంట్లో తలా ఒక మాట. ఎండలో వేసి కర్రతో నాలుగు దెబ్బలు కొడితే పరుపులాగే పొంగుతుందని అమ్మ అంటోంది. డ్రై క్లీనింగ్‌కి ఇచ్చేయమని తమ్ముడు. మాకు టాప్ లోడ్ మిషన్ ఉంది, వేడి గాలి డ్రయ్యర్ లేదు. వాడకానికి బోరు నీళ్లు, నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. ఉతకాలా, వద్దా? ఉతికితే ఇంట్లోనా, బయటా? ఇది కొనడానికి ఏడాదంతా డబ్బు దాచుకున్నాను, అందుకే టెన్షన్‌గా ఉంది.

కొండగాలి (ఫిబ్రవరి 21, రాత్రి 10:25)

ఉతకొద్దు అక్కా. నాది పదకొండేళ్ల స్లీపింగ్ బ్యాగ్, ఇంతవరకు నీళ్లలో ముంచలేదు. ప్రతి ట్రెక్ నుంచి రాగానే రెండు రోజులు ఫ్యాన్ కింద పరుస్తాను. మెడ దగ్గర మాత్రం పాత టూత్‌బ్రష్, కాస్త సబ్బునీళ్లు పెట్టి, నూగును పక్కకు నెట్టి పైబట్టను తుడుస్తాను. పడుకునేటప్పుడు ఉతికిన ఫుల్ చేతుల బనియన్, శుభ్రమైన సాక్సులు, లోపల పల్చటి లైనర్. పగలు నడిచిన చెమట బట్టలతో లోపల దూరను.

నాతో వచ్చే ఒకాయన ఆగస్టులో ఉతికాడు. ముసురు పట్టింది. వారం రోజులు దండెం మీద వేలాడింది, నూగంతా కింది అంచుకి జారి ముద్దయింది, ముక్కిన వాసన పట్టింది. చివరికి పారేశాడు. ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది నాకు.

బోయిన్‌పల్లి బొంత (ఫిబ్రవరి 22, ఉదయం 6:50)

కొండగాలి అన్న చెప్పిన జాగ్రత్తలు అందరూ పాటించాల్సినవే. కానీ అవి జబ్బు రాకుండా చూసుకునే పత్యం. అక్క క్విల్ట్‌కి జబ్బు వచ్చేసింది, ఇప్పుడు మందు వేయాలి.

850 ఫిల్ అంటే ఒక ఔన్సు నూగు, అంటే 28 గ్రాములు, 850 ఘనపు అంగుళాల చోటు పడుతుందని లెక్క. లీటర్లలో చూస్తే దాదాపు 14. వెచ్చదనం ఈకలో లేదు, ఆ ఈక పట్టి ఉంచే 14 లీటర్ల గాలిలో ఉంది. చెమటలోని ఉప్పు, ఒంటి జిడ్డు పట్టిన కొద్దీ నూగు పోగులు ఒకదానికొకటి అతుక్కుంటాయి, గాలికి చోటు ఉండదు. మనలో చాలామందికి తలకు కొబ్బరినూనె పెట్టుకునే అలవాటు. అక్క చెప్పిన మెడ అంచు నలుపు చాలావరకు అదే అయి ఉంటుంది. ఫ్యాన్ గాలికి తేమ పోతుంది గానీ నూనె పోదు కదా. పైన టూత్‌బ్రష్‌తో తుడిస్తే లోపల కట్టిన ఉండలు విడవవు.

అన్నా, ఆ ఆగస్టు క్విల్ట్‌ని పాడుచేసింది ఉతుకు కాదు. ముసురులో ఉతకడం, దండెం మీద వేలాడదీయడం. మన ఊళ్లో ఫిబ్రవరి నెలాఖరు నుంచి మే దాకా గాలి పొడిగా ఉంటుంది. ఆ మూడు నెలలు మనకు దేవుడిచ్చిన డ్రయ్యర్. జూన్‌లో వానలు పడ్డాక మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు.

సైనిక్‌పురి సైకిల్ (ఫిబ్రవరి 22, ఉదయం 9:15)

వేడి గాలి డ్రయ్యర్ లేకుండా ఉతకొద్దనే నేనంటాను. నాకు ఫ్రంట్ లోడ్, డ్రయ్యర్ రెండూ ఉన్నాయి. తక్కువ వేడి మీద రెండు మూడు శుభ్రమైన టెన్నిస్ బంతులు వేసి తిప్పితే, ఆ బంతులు తగిలి ఉండలు విడిపోతాయి. నాలుగు గంటలు పట్టింది నాకు. అరగంటకోసారి ఆపి చేత్తో చూశాను. గాలికి ఆరబెడితే పైబట్ట రెండు గంటల్లో ఆరిపోయి, లోపల తడి అలాగే ఉండి మోసం చేస్తుంది. కొండగాలి గారి స్నేహితుడికి జరిగింది అదే. అక్కగారూ, తెలిసినవాళ్ల ఇంట్లో డ్రయ్యర్ ఉంటే అక్కడికి తీసుకెళ్లండి.

కాచిగూడ కొత్తవాణ్ణి (ఫిబ్రవరి 22, ఉదయం 9:50)

మా సెమీ ఆటోమేటిక్‌లో పక్కన డ్రయ్యర్ ఉంది కదా, అది సరిపోతుందా అన్నా?

సైనిక్‌పురి సైకిల్ (ఫిబ్రవరి 22, ఉదయం 10:05)

వద్దు తమ్ముడూ. దాన్ని డ్రయ్యర్ అంటాం గానీ అది గిర్రున తిప్పి నీళ్లు పిండేది మాత్రమే, వేడి గాలి రాదు. పైగా క్విల్ట్ బట్టలోంచి నీళ్లు చప్పున బయటకు రావు. ఒక పక్క నీటి మూట కట్టి, మిషన్ ఎగిరెగిరి పడుతుంది. గదుల మధ్య సన్నటి అడ్డగోడలు చిరిగితే నూగంతా ఒకవైపు చేరుతుంది. టాప్ లోడ్‌లో ఉతికినా ఇదే ప్రమాదం, కింద తిరిగే చక్రం బట్టను మెలి పెడుతుంది.

తార్నాక వంటిల్లు (ఫిబ్రవరి 22, మధ్యాహ్నం 1:30)

నేను ట్రెక్కులకు వెళ్లను, మా అమ్మాయి వెళ్తుంది. ఈ పట్టు, ఉన్ని, ఈక అన్నీ జంతువుల నుంచి వచ్చినవే కదా. మా ఇంట్లో పట్టుచీరలకు తరతరాలుగా కుంకుడుకాయే. రసం తీసి, గుడ్డలో వడగట్టి ఉతికితే సరిపోదా? అంత ఖరీదైన సబ్బులు ఎందుకు?

బోయిన్‌పల్లి బొంత (ఫిబ్రవరి 22, మధ్యాహ్నం 2:10)

అమ్మా, మీరన్న మొదటి మాట చాలా ముఖ్యమైనది. పట్టు, ఉన్ని, ఈక మూడూ ప్రోటీనే. అందుకే మామూలు సబ్బు పొడులు వీటికి పనికిరావు. కూర మరకలు, నెత్తుటి మరకలు పోవడానికి వాటిలో ప్రోటీన్‌ని కొరికే ఎంజైములు కలుపుతారు. మరకకీ ఈకకీ తేడా వాటికి తెలియదు.

కుంకుడులో ఆ ఎంజైముల భయం లేదు, నిజమే. కానీ కుంకుడుతో తలంటుకున్నాక జుట్టు ఎలా ఉంటుందో మనకు తెలిసిందే, జిడ్డంతా పోయి బరకగా అవుతుంది. బాతు ఈకకు సహజంగా కొద్దిగా నూనె ఉంటుంది, నూగు పెళుసెక్కకుండా కాపాడేది అదే. మన ఒంటి జిడ్డు పోవాలి, ఈక నూనె ఉండాలి. ఇంకొకటి, నేను ఒకసారి పాత డౌన్ జాకెట్ మీద కుంకుడు ప్రయోగం చేశాను. మూడుసార్లు వడగట్టినా లేతరంగు లోపలి బట్ట మీద గోధుమరంగు చారలు మిగిలాయి. చీరను జాడిస్తే పిప్పి పోతుంది, కుట్టేసిన గది లోపలికి వెళ్లిన పిప్పి ఎటు పోతుంది?

డౌన్ కోసమే చేసిన లిక్విడ్ సబ్బులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. నిక్‌వాక్స్, గ్రేంజర్స్ రెండూ అలాంటివి చేస్తాయి. మూడేళ్లకోసారి వాడే సబ్బు కాబట్టి ఖర్చుకు వెనకాడొద్దు. కంఫర్ట్ లాంటి ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్లు, బ్లీచ్ అసలే వద్దు.

మెట్టుగూడ మలుపు (ఫిబ్రవరి 22, సాయంత్రం 7:00)

ఇంత తిప్పలు ఎందుకు, బయట ఇద్దాం అనుకునేవాళ్ల కోసం నా అనుభవం చెబుతాను. రెండేళ్ల కింద ఒక డ్రై క్లీనింగ్ షాపులో ఇచ్చాను. లోపల ఈక ఉంది, ఆవిరి ఇస్త్రీ వద్దు అని రాసి పిన్ను పెట్టి మరీ ఇచ్చాను. నాలుగు రోజులకు మడతపెట్టి, ప్లాస్టిక్ కవర్లో వేసి, దుప్పటిలా ఇచ్చారు. మడత విప్పితే మడత గీత అలాగే ఉంది. ఘాటైన వాసన నెల రోజులు పోలేదు, ఉబ్బు సగం కూడా తిరిగి రాలేదు. డ్రై క్లీనింగ్‌లో వాడే ద్రావకం జిడ్డును కరిగించడానికే ఉన్నది, ఈక సొంత నూనెను మాత్రం వదులుతుందా? లేబుల్ మీద గుండ్రానికి అడ్డంగా గీతలు కొట్టిన గుర్తు ఉంటే డ్రై క్లీనింగ్ వద్దని అర్థం. నేను అది తర్వాత చూసుకున్నాను. బాధ ఇంకా ఉంది.

బోయిన్‌పల్లి బొంత (ఫిబ్రవరి 22, రాత్రి 8:45)

సైనిక్‌పురి అన్న చెప్పిన డ్రయ్యర్ పద్ధతి మంచిదే, కాదనను. కానీ ఈ ఊళ్లో ఎన్ని ఇళ్లలో ఉంది అది? పెద్ద లాండ్రీల డ్రయ్యర్లు దుప్పట్లు, టవళ్లకు పెట్టిన వేడి మీద తిరుగుతుంటాయి. 10 డెనియర్ అంటే 9,000 మీటర్ల దారం బరువు 10 గ్రాములు, అంత సన్నం. ఆ వేడికి నైలాన్ ముడుచుకుపోతుంది. డ్రయ్యర్ లేదని జిడ్డు క్విల్ట్ కప్పుకుని మంచులో వణకడం కన్నా, మూడు రోజులు ఓపిక పట్టి చేత్తో ఆరబెట్టడం మేలు. నేను మూడుసార్లు చేశాను.

నల్లా వచ్చే రోజు చూసుకోండి. బోరు నీళ్ల గట్టిదనానికి సబ్బు సరిగా పనిచేయదు, తెల్లటి పొర మిగులుతుంది. రెండు పెద్ద టబ్బులు, గోరువెచ్చని నీళ్లు. క్విల్ట్‌ని దాని సంచిలోనే కుక్కి, సంచితో సహా నీళ్లలో ముంచి, నీటి అడుగున బయటకు లాగండి. లేకపోతే లోపలి గాలికి బాతులాగే తేలుతుంది, మునగదు. కాళ్ల దగ్గర మూసి ఉండే భాగంలో గాలి ఎక్కువ చిక్కుకుంటుంది, దాన్ని మెల్లగా నొక్కుతూ వదలండి. రుద్దొద్దు, మెలి పెట్టొద్దు. పూరీ పిండి అదిమినట్టు అరచేతులతో అదమండి. పది నిమిషాల్లో నీళ్లు టీ రంగులోకి మారతాయి. నురగ పూర్తిగా పోయేదాకా జాడించాలి. నాకు ఆరుసార్లు పట్టింది.

అన్నిటికన్నా ప్రమాదం ఎత్తేటప్పుడు. 640 గ్రాముల క్విల్ట్ నీళ్లు పీల్చాక నాలుగైదు కిలోలు ఉంటుంది. ఒక చివర పట్టుకుని లేపితే ఆ బరువంతా లోపలి అడ్డగోడల మీద పడి పుటుక్కున తెగుతాయి. కింద చేతులు పెట్టి, పసిబిడ్డను ఎత్తినట్టు ముద్దగా ఎత్తి, తువ్వాళ్ల మీద పెట్టి, చుట్ట చుట్టి అదమండి.

ఆరబెట్టడానికి నవారు మంచం ఉంటే అదృష్టం. దాని మీద పాత దోమతెర పరిచి, పైన క్విల్ట్ వేయండి, కింద నుంచి కూడా గాలి ఆడుతుంది. నేరుగా ఎండలో వద్దు, ఎండకు నైలాన్ బలహీనపడుతుంది. మేడ మీద నీడపట్టున పగలు, లోపల ఫ్యాన్ కింద రాత్రి. రెండు గంటలకోసారి తిప్పేసి, ప్రతి గదిలోని ఉండలను బట్ట పైనుంచే రెండు వేళ్లతో విడదీయాలి. మొదటి రోజు గులకరాళ్లలా తగులుతాయి, గుండె జారిపోతుంది. భయపడకండి, అది తడి నూగే. అమ్మగారికి కూడా చెప్పండి, కర్ర మాత్రం వద్దని. దూది పరుపుకు కర్రతో కొట్టడం, దూదేకించడం మన పద్ధతి. దీని బట్ట ఆ దెబ్బకు ఆగదు, అరచేత్తో తట్టితే చాలు.

సైనిక్‌పురి సైకిల్ (ఫిబ్రవరి 22, రాత్రి 9:30)

అంతా బాగుంది గానీ నా ప్రశ్న అలాగే ఉంది బ్రదర్. లోపల ఆరిందని ఎలా తెలుస్తుంది? చేతికి పొడిగా తగిలినా నూగులో తేమ ఉండొచ్చు కదా.

బోయిన్‌పల్లి బొంత (ఫిబ్రవరి 22, రాత్రి 9:50)

తూకం వేయండి. ఉతకడానికి ముందు వంటింటి డిజిటల్ కాటా మీద బరువు చూసి రాసుకోవాలి. మళ్లీ ఆ బరువుకు వచ్చేదాకా ఆరలేదని లెక్క. వచ్చాక కూడా ఇంకో రోజు వదిలేస్తాను నేను.

కొండగాలి (ఫిబ్రవరి 22, రాత్రి 10:15)

తూకం మాట నాకు తట్టలేదు, బాగుంది. అయినా ఏడాదికోసారి ఉతికేయడం మొదలుపెడితే ఏ క్విల్టూ నిలవదని నా నమ్మకం. ఉబ్బు తగ్గితేనే ఉతకాలి, మురికి కనిపించిందని కాదు. ఆరాక సంచిలో కుక్కి అటక ఎక్కించకండి. పాత కాటన్ దుప్పటితో పెద్ద సంచి కుట్టి, వదులుగా వేసి బీరువా మీద పెట్టండి. కలరా ఉండలు వేయొద్దు, మళ్లీ కొండెక్కి పడుకున్నప్పుడు రాత్రంతా ఆ వాసనే.

నల్లకుంట నడక (మార్చి 11, రాత్రి 8:20)

అందరికీ కృతజ్ఞతలు. సబ్బు రావడానికి రెండు వారాలు పట్టింది. మొన్న శనివారం, 7వ తేదీ, నల్లా వచ్చిన రోజు ఉతికాను. ఉతకక ముందు కాటా 655 చూపించింది. కొన్నప్పుడు 640. ఆ 15 గ్రాములు నా మూడేళ్ల జిడ్డు, కొంత తేమ అయి ఉంటాయి.

టబ్బులో నీళ్లు నిజంగానే టీ రంగయ్యాయి. ఏడుసార్లు జాడించాను. ఎత్తేటప్పుడు అమ్మ ఒకవైపు, నేను ఒకవైపు దుప్పటి కింద పెట్టి మోశాం. మొదటి రోజు సాయంత్రం 810 గ్రాములు, ఉండలు చూసి ఏడుపొచ్చింది. మనింట్లో ఎవరో చింతపండు గింజలు పోసి కుట్టినట్టు ఉంది. రెండో రోజు అమ్మే కూర్చుని టీవీ చూస్తూ గది తర్వాత గది విడదీసింది, బియ్యంలో రాళ్లు ఏరినట్టు. ఆ సాయంత్రానికి 672. మూడో రోజు 646. ఇవాళ ఉదయం 641.

మంచం మీద పరిచి స్కేలు పెట్టి చూశాను. ఉతకక ముందు మధ్య గది ఎత్తు 3 సెంటీమీటర్లు, ఇప్పుడు 6 దాటింది. మెడ అంచు మీద కొద్దిగా మచ్చ మిగిలింది, అది పోలేదు. కాళ్ల దగ్గర ఒక మూలలో ఇంకా ఒక చిన్న ఉండ తగులుతోంది. సైనిక్‌పురి గారూ, అందుకే రేపు, ఎల్లుండి కూడా ఫ్యాన్ కిందే ఉంచుతున్నాను. అమ్మ పాత నేత చీరతో సంచి కుడుతోంది.